కవరు తియ్యని పరుపు

లారీలు తూచే కాటాలు బాగుచెయ్యటం నా ఉద్యోగం. కాటా అంటే కూరగాయల కొట్లో ఉండేది కాదు, సరుకుతో సహా లారీ మొత్తం ఎక్కి నిలబడేది. రేవులు, మిల్లులు, గోడౌన్లు ఎక్కడ పిలిస్తే అక్కడికి పోవాలి. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండను. ఇరవై ఏళ్ళుగా ఇదే బతుకు కాబట్టి, పరాయి పడకల విషయంలో నా అంత అనుభవం ఉన్నవాడు విశాఖపట్నంలో ఇంకొకడు లేడని నా గట్టి నమ్మకం. ఈ నమ్మకాన్ని నేను ఎవరూ అడక్కపోయినా నలుగురిలో చెబుతూ ఉంటాను.

కాకినాడలో నేను దిగే లాడ్జి మంచానికి నడుమ ఒక గుంట ఉంది. ఎటు పడుకున్నా అందులోకే దొర్లుతాం. రాయగడలో ఒక దిండు ఉండేది, అందులో ఉన్నది దూదో, గులకరాళ్ళో చివరిదాకా తేలలేదు. దాబాల ముందు డ్రైవర్ల నులక మంచాల మీద పడుకున్నాను. ఒకసారి కాటా గదిలో చోటు లేక సిమెంటు బస్తాల మీద పడుకుని, పొద్దున్న బూడిద పూసుకున్న సాధువులా లేచాను. ఎక్కడా నిద్రకి లోటు రాలేదు. మా నాన్న సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. చిన్నప్పుడు నేనూ మా చెల్లీ ఒడ్డున ఆరబెట్టిన వలల మీదే నిద్రపోయేవాళ్ళం. ఆ వాసనలో పెరిగినవాడికి ఏ లాడ్జి దుప్పటీ కంపు కొట్టదు.

ఈ మధ్య ఫోన్లో, కొత్తచోట నిద్ర పట్టాలంటే ఏం చెయ్యాలో చెప్పే వీడియోలు వస్తున్నాయి. ఇంటి దగ్గర్నుంచి సొంత దిండు మోసుకెళ్ళమంటారు, ఏదో పూల నూనె కణతలకి రాసుకోమంటారు, సముద్రపు హోరు చెవుల్లో పెట్టుకోమంటారు. ఆ హోరు కోసం ఎవరో యాప్ కొనుక్కున్నారని చెబితే మా వీధిలో ముసలమ్మలు నవ్వలేక చచ్చారు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్న సామెత చాలదా అని నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. మా చెల్లెలి ఇంట్లో పడుకునేదాకా ఆ సామెత నాకు బాగానే పనిచేసింది.

మా చెల్లికీ బావకీ మధురవాడలో ఫ్లాటు ఉంది. నాలుగో అంతస్తు. బావ అక్కడే ఒక కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తాడు. చెల్లి మాత్రం అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్లో పనిచేస్తుంది. అంటే ఊరికి ఈ చివర కాపురం, ఆ చివర ఉద్యోగం. తెల్లారకుండా కంపెనీ బస్సెక్కితే చీకటి పడ్డాక దిగుతుంది.

బావ మంచివాడు. ఒక్కటే జబ్బు. ఇంట్లో ఏ వస్తువు కొన్నా దాని మీద వచ్చిన కవరు తియ్యడు. టీవీ రిమోటుకి కవరు, ఫ్రిజ్జు తలుపుకి కవరు, సోఫాకి కవరు. కారు సీట్ల కవర్లకి కూడా కవర్లున్నాయి. అతన్ని పూర్తిగా తప్పుపట్టలేను. అతను పుట్టి పెరిగింది రేవు పక్క వీధుల్లో. గాలి తిరిగిందంటే ఎక్కడినుంచో నల్లటి దుమ్ము వచ్చి ఆరేసిన బట్టల మీద, అన్నం గిన్నెల మీద, పడుకున్నవాళ్ళ ముక్కుల్లోనూ చేరేది. కప్పకపోతే ఏదీ మిగలదని అతనికి వాళ్ళమ్మ నేర్పించింది. మధురవాడ దాకా ఆ దుమ్ము రాదు. అది రాకపోయినా బావ దాని కోసం సిద్ధంగానే ఉన్నాడు.

రెండేళ్ళ కిందట మొదటిసారి వాళ్ళింట్లో పడుకున్నాను. వాళ్ళకున్న ఒక్క పడకగదినీ చుట్టాల గది చేసి నాకిచ్చారు. ఏసీ, గోడకి అద్దం, కొత్త మంచం, దాని మీద జానెడు మందం పరుపు. పరుపుకి షాపువాళ్ళు చుట్టిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది, దాని మీద పూలదుప్పటి. "కవర్ తీస్తే వారంటీ పోద్ది బావా, పదేళ్ళ వారంటీ," అన్నాడు బావ గర్వంగా. వాళ్ళిద్దరూ హాల్లో చాప పరుచుకుని పడుకున్నారు. చుట్టానికి మంచం, ఇంటివాళ్ళకి నేల. ఇది మనదగ్గర ఉన్న మర్యాదే కదా అని నేను మాట్లాడలేదు.

మంచం ఎక్కగానే పెళ్ళిలో పిల్లలంతా ఒకేసారి చిప్స్ పేకట్లు విప్పినట్టు చప్పుడైంది. పక్కకి తిరిగితే చప్పుడు, దగ్గితే చప్పుడు. హాల్లో వాళ్ళకి నిద్ర పాడవుతుందని కదలకుండా వెల్లకిలా పడి ఉన్నాను. కాసేపటికి వీపు కింద చెమట పట్టింది. దుప్పటి జారి జారి కాళ్ళ దగ్గరికి చేరింది. తెల్లవారేసరికి నేను పెనానికి అంటిన అట్టులా ఆ ప్లాస్టిక్‌కి అతుక్కుని ఉన్నాను.

చెల్లి టీ తెచ్చింది. "ఏటి అన్నియ్యా, నిద్దర పట్టిందా?" అంది.

మనవైపు ఈ ప్రశ్నకి ఒకటే జవాబు. దోమలు మోసుకుపోయినా, మంచం విరిగి కింద పడినా, "హాయిగా" అనాలి. నేనూ అదే అన్నాను. అంతటితో ఊరుకుంటే మనిషినెందుకవుతాను? "ఇరవయ్యేళ్ళు తిరిగాను గానీ ఇలాంటి పరుపు ఎక్కడా చూళ్ళేదు," అని కూడా అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదని నన్ను నేనే మెచ్చుకున్నాను.

బావ ఆ మాట పట్టుకున్నాడు. ఊరూరా పడుకున్న మనిషి మెచ్చిన పరుపని అపార్ట్‌మెంటులో అందరికీ చెప్పాడు. తర్వాత వాళ్ళింటికి దగ్గర్లోనే ఆనందపురంలో పని పడ్డప్పుడు నేను తప్పించుకుని లాడ్జిలో దిగితే చెల్లి ఫోన్లో ఏడ్చింది. "మా ఇల్లుండగా లాడ్జా? జనం ఏటనుకుంటారు?" అంది. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ అతుక్కున్నాను, మళ్ళీ హాయిగా అన్నాను. ఇలా నాలుగుసార్లు.

మొన్న వేసంగిలో ఆనందపురం దగ్గర ఒక మిల్లు కాటా మూడు రోజులు పట్టింది. మధ్యలో ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం చెల్లి చేసిన చేపల పులుసు పీకలదాకా తిన్నాం. కాస్త కునుకు తీద్దామని లేచేసరికి, చెల్లి హాల్లో చాప పరుస్తోంది. గోడ పట్టుకుంది, ఒక మోకాలు ఆన్చింది, కాసేపు ఆగింది, తర్వాత రెండో మోకాలు ఆన్చి, పళ్ళు బిగించి ఒరిగింది. నాకంటే ఆరేళ్ళు చిన్నది. మా అమ్మ కూడా ఆ వయసులో అలా కూర్చోలేదు.

"ఏటే అది?" అన్నాను.

"నడుం అన్నియ్యా. బస్సులో రెండు గంటలు, రోజంతా నిలబడి పని, మళ్ళీ బస్సులో రెండు గంటలు. డాక్టరు మంచి పరుపు మీద తొంగోమన్నాడు."

"మరి తొంగోవేటి?"

"కొన్నాను కదా. ఆ గదిలో ఉన్నది అదే. నా బోనసుతో కొన్నాను." ఆపి, బావ వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఇంటికొచ్చాక చూస్తే మరీ బాగుందని, వచ్చినోళ్ళకి ఉంచుదామన్నారు. కవరు తీద్దామంటే, మీ అన్నియ్య దాని మీదే హాయిగా తొంగున్నాడు కదా, నీకేటి అన్నారు. నాను రెండు రాత్రులు సూశాను. నిద్దర పట్టలేదు. నీకు పట్టింది, నాకు పట్టలేదంటే లోపం నాలోనే ఉందనుకున్నాను."

కాటా పది కిలోలు తప్పు చూపిస్తే మిల్లు యజమాని అయినా సరే మొహం మీదే చెప్పేసే మనిషిని నేను. అలాంటివాణ్ణి నాలుగుసార్లు టీ కప్పు పట్టుకుని అబద్ధం చెప్పి, మర్యాద అనుకున్నాను. నా మర్యాద ఖరీదు రెండేళ్ళుగా చెల్లెలి నడుం కట్టింది.

నా సంచీలోంచి బ్లేడు తీసుకుని ఆ గదిలోకి వెళ్ళాను. బావ వెనకే పరిగెత్తుకొచ్చాడు. "ఏటి సేత్తన్నావ్ బావా! వారంటీ!"

"ఆ వారంటీ కార్డు తీసుకురా, చదువుదాం," అన్నాను.

బీరువాలోంచి తెచ్చాడు. దానికీ కవరుంది, ఇంతవరకూ విప్పలేదు. ముందు దాన్ని కోశాను. బావ చేతికిచ్చి పైకి చదవమన్నాను. మొదటి వాక్యం, వాడే ముందు ప్లాస్టిక్ కవరు తీసెయ్యమని. బావ రెండుసార్లు చదివాడు. కార్డు తిరగేసి వెనక కూడా చూశాడు. తర్వాత పరుపు రెండో వైపు పట్టుకుని ఎత్తాడు, కోయటానికి వీలుగా.

"ఒక్క నిమిషం ఎలాగుందో సూసి లేత్తాను," అంటూ చెల్లి వచ్చి పరుపు మీద ఒరిగింది. మేం ప్లాస్టిక్ మడత పెట్టేలోపు నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి మంచం కిందకి వేలాడేసి, చిన్నప్పుడు వలల మీద పడుకున్నట్టే పడుకుంది. బావ ఫ్యాను తగ్గించి వచ్చాడు. పక్క ఫ్లాటు పిల్లలు బెల్లు కొడితే వెళ్ళి వాళ్ళని వేళ్ళతో సైగ చేసి పంపేశాడు. నా పక్కన సోఫా మీద కూర్చుని, "ఇంతలా అలిసిపోయిందా బావా?" అని అడిగాడు.

దీపాలు పెట్టే వేళకి లేచింది. "నిద్దర పట్టిందా?" అన్నాను, ఆమె నన్నడిగే గొంతుతోనే నవ్వించాలని.

చెల్లి నవ్వలేదు. "నువ్వు ఒక్కసారి పట్టలేదని సెప్పుంటే ఎంత బాగుండేదన్నియ్యా," అంది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళి నాకు టీ పెట్టింది.

ఆ రాత్రి చెల్లినీ బావనీ ఆ గదిలో పడుకోబెట్టి, నేను హాల్లో చాప మీద పడుకున్నాను. సిమెంటు బస్తాల మీద గురకపెట్టినవాణ్ణి, మెత్తటి చాప మీద తెల్లవార్లూ అటూ ఇటూ దొర్లాను. పొద్దున్నే బావ టీ పట్టుకుని వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

"నిద్దర పట్టిందా బావా?"

"లేదు," అన్నాను.