మగ ఈగల గుమ్మం

ఈ మధ్యాహ్నం నా చేతులారా ఒక రాణి తేనెటీగను చంపుకున్నాను. తోటంతా కాఫీ పూత వాసన కమ్ముకుని ఉంటే, మగ ఈగలు తేనె తినేస్తున్నాయన్న కక్కుర్తితో, కూలి ఈగలు మాత్రమే దూరగల సన్నటి గేటును తేనెపెట్టె గుమ్మానికి బిగించాను. కొత్త రాణి అప్పటికే జత కోసం బయటికి ఎగిరిందని చూసుకోలేదు. తిరిగొచ్చి, లోపలికి దూరలేక, గుమ్మం ముందే పడిపోయింది. నేను చూసేసరికి చీమలు పట్టాయి. తెలియక చేశానని చెప్పను. నేను మా నాయనమ్మ దగ్గర పెరిగినవాణ్ణి.

అరకు కొండల్లో ఆమె ఇంటి మట్టిగోడలోనే ఈగలు కాపురముండేవి. బయటికి వేలు పట్టేంత కన్నం, లోపలివైపు చిన్న చెక్కతలుపు. చైత్రంలో వచ్చే ఇటుకల పండగ, అంటే వేట పండగ రోజుల్లో, పొయ్యి మీద రాగిపిండితో చోడి అంబలి ఉడుకుతుంటే, వేటకెళ్లిన మగవాళ్ల కోసం ఊరు ఎదురుచూస్తుంటే, ఆమె ఆ తలుపు తీసి, మెల్లగా పొగ ఊది, అడ్డాకులో నాకింత తేనె పట్టు పెట్టి, వాటి సంసారం చూపించేది. కూలి ఈగ పుట్టగానే గదులు తుడుస్తుంది, తర్వాత పిల్లల్ని మేపుతుంది, మైనంతో గదులు కడుతుంది, గుమ్మం కాస్తుంది, చివరికి పూలకు వెళ్తుంది. పొడుగాటి రాణి గుడ్లు పెడుతూ తిరుగుతుంది. పెద్ద కళ్ల మగ ఈగలు తిని కూర్చుంటాయి.

ఒక ఏడు చిన్నాన్న వేట నుంచి ఉత్త చేతులతో వచ్చాడు. ఆచారం ప్రకారం ఆడవాళ్లు పేడనీళ్లు కొట్టి తరిమారు. నాయనమ్మ ఒక్కతే ఎవరేమన్నా లెక్కచేయక అతన్ని ఇంట్లోకి పిలిచి అంబలి పోసింది. అతనేమో ఆ ఉక్రోషం ఈగల మీదికి మళ్లించి, తిని తొంగునే వాటికి ఇల్లెందుకంటూ, మగ ఈగలు దూరకుండా, కూలి ఈగ పట్టేంత సందే ఉంచి కన్నాన్ని బంకమట్టితో పూడ్చబోయాడు.

నాయనమ్మ మట్టి లాగేసుకుంది. "నిన్ను రానిచ్చినాను గదేటి. మనింటి మగీగలు లేపోతే పక్కింటి రాణిగుంటకి మొగుడెక్కణ్ణించొత్తాడు? నువ్వెల్తావేటి?"

చిన్నాన్నకూ నవ్వొచ్చింది.

ఇప్పుడా మట్టిగోడలు లేవు. సిమెంటు ఇళ్లకు ఈగల కోసం కన్నం ఎవరూ ఉంచరు. తేనెటీగల పెంపకం శిక్షణల్లో మగ ఈగల గదులు కోసేయమంటారు, అవి దండగ అంటారు. ఎవరేమైనా అననీ, నేను ఒప్పుకోను. ఈ ఒక్కరోజు ఒప్పుకున్నందుకే ఒక కాపురం కూలింది.

సాయంత్రం ఆ గేటు పీకేశాను. బలంగా ఉన్న మరో పెట్టెలోంచి అప్పుడే పెట్టిన గుడ్లున్న తేనెపట్టు చట్రం తీసి, రాణి లేని పెట్టెలో దించాను. కూలి ఈగ కావలసిన పిల్లనే వేరే మేతతో రాణిగా పెంచుకోవడం వాటికి తెలుసు. చట్రం అంచున మగ ఈగల గదులు ఉబ్బి ఉన్నాయి. కత్తి చేతిలోనే ఉంది. వాటి జోలికి పోకుండా మూత పెట్టేశాను.