రేకుల షెడ్డులో ఎనిమిది పిస్టన్లు

మా చిన్నప్పుడు... మలేషియాలోని కువాలా సెలంగోర్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక ఇంజన్ ఉండేది. కారు లేదు... ఇంజన్ ఒక్కటే, ఇనుప చట్రం మీద, టార్పాలిన్ కప్పుకుని.

అది దానియేలు చిన్నాన్నది. నాన్నకు తమ్ముడు, క్లాంగ్ పట్నంలో మెకానిక్. తుక్కుకి పోతున్న పాత అమెరికన్ కారులోంచి ఎనిమిది సిలిండర్ల ఆ దిమ్మను దింపి తెచ్చుకున్నాడు. సిలిండర్లు తొలిపించి పెద్ద పిస్టన్లు వేశాడు. వాల్వులు ఇంకా ఎత్తుకి లేచే క్యామ్ షాఫ్ట్ బిగించాడు.

"ఊరికే నిలబెట్టినా పులినాగ గుర్రుమంటాది లా!" అనేవాడు, మలయ్‌వాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి.

పైన మూతల్లాంటి హెడ్లు, కార్బొరేటర్ బిగించడమే మిగిలింది. ఆ ఏటి వానల్లో బైక్ మీద ఇంటికొస్తూ జారిపడి దారిలోనే పోయాడు...

నాన్న పామాయిల్ మిల్లులో ఫిట్టర్. అయినా రెండేళ్ళపాటు ఆ షెడ్డు వైపే వెళ్ళలేకపోయాడు. నాన్నమ్మకు ఆ దిగులులోనే మతిమరుపు వచ్చింది. చూపూ మసకబారింది. నన్ను ఒకరోజు మా అత్త పేరుతో, ఇంకోరోజు ఎవరి పేరుతోనో పిలిచేది.

నాకు పదకొండేళ్ళు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక నాన్న ఎందుకో వెళ్ళి టార్పాలిన్ తీశాడు. ఉప్పుగాలి తగిలే ఊరు మాది, ఈపాటికి తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటుందనుకున్నాడు. తీరా చూస్తే సిలిండర్ల గోడలు నూనెతో మెరుస్తున్నాయి! ముందువైపు బోల్టుకి స్పానర్ తగిలించి లాగితే వెన్నలా తిరిగింది...

నాన్న మొహం పాలిపోయింది.

ఇంజన్ ముందున్న పుల్లీ చక్రం మీద సున్నా గీత ఒకటి ఉంటుంది. ఒకటో పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు అది పక్కనున్న ముల్లుకి ఎదురుగా నిలుస్తుంది. నాన్న టార్పాలిన్ తీసేసరికి అక్కడే ఉంది. కావాలనే సగం చుట్టు తిప్పి వదిలేశాడు. మర్నాడు సాయంత్రం చూస్తే మళ్ళీ సున్నా దగ్గరే. ఇంకోసారి తిప్పి వదిలాడు. మళ్ళీ అంతే...

అమ్మ వణికిపోయింది. "ఇంట్లో సిన్నపిల్ల ఉంది. శనివారం పాత ఇనుం వోడికి ఇచ్చీయండి" అంది. నాన్న సరేనన్నాడు.

ఆ గురువారం నాకు జ్వరమొచ్చి బడి నుంచి మధ్యాహ్నమే వచ్చేశాను. పక్కింటావిడ గుమ్మం దగ్గర దింపి వెళ్ళింది. అమ్మా నాన్నా పనిలో ఉన్నారు. బయట ఎండ... ఎక్కడా అలికిడి లేదు.

ఇంటి వెనక నుంచి నాన్నమ్మ గొంతు వినిపించింది. ఏదో అడుగుతోంది... ఆగుతోంది... ఎవరో జవాబు చెప్పినట్టు "ఊఁ" కొడుతోంది. మధ్యలో ఇనుము కదిలిన చప్పుడు.

షెడ్డు తలుపు సందులోంచి చూశాను. కొంగు నడుముకి దోపుకుని, కళ్ళు మూసుకుని, పొడుగాటి స్పానర్‌ని తిరగలి పిడిలా పట్టుకుని తిప్పుతోంది. ఎనిమిది పిస్టన్లూ లేస్తున్నాయి, దిగుతున్నాయి... ఉన్నట్టుండి ఆపేసింది.

"నాన్నమ్మా... ఏటి సేస్తన్నావు?"

"రోజూ తిప్పకపోతే పట్టేస్తాది, నూనె సుక్కేసి తిప్పమ్మా అని సెప్పినాడు మీ సిన్నాన్న."

"ఎప్పుడు సెప్పినాడు?"

"ఎప్పుడేటి... ఇప్పుడే. సాలమ్మా అంటాడు, ఆపేస్తాను."

వంగి చూశాను. సున్నా గీత సరిగ్గా ముల్లుకి ఎదురుగా ఉంది.

సాయంత్రం చెబితే నాన్నకి అప్పుడు గుర్తొచ్చింది. చిన్నాన్న ఊరెళ్ళినప్పుడల్లా ఆ పని నాన్నమ్మకే అప్పగించేవాడట. మర్నాడు నాన్న సెలవు పెట్టి, గీతని ఎక్కడో తిప్పి వదిలి, తలుపు చాటున నిలబడ్డాడు. నన్నూ ఉంచుకున్నాడు. నాన్నమ్మ వచ్చింది. కళ్ళు మూసుకుంది. తిప్పింది. ఆపింది... సున్నా దగ్గరే.

"తిప్పమన్నాడు సరే... ఎక్కడ ఆపాలో ఈవిడికి ఎవుడు సెప్తన్నాడు?" అని గొణిగాడు నాన్న. నా భుజం మీద ఆయన చెయ్యి చల్లగా ఉంది.

ఇనుము వాణ్ణి రావద్దన్నాడు. నెలన్నర కూర్చుని హెడ్లు, కార్బొరేటర్ బిగించాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం బ్యాటరీ తగిలించి తాళం తిప్పగానే... ఒక్కసారికే అందుకుంది. రేకులు దడదడలాడాయి. తడబడుతూ, గుర్రుమంటూ, చిన్నాన్న చెప్పినట్టే!

నాన్నమ్మ దగ్గరికొచ్చి రెండు అరచేతులూ దాని మీద ఆనించింది.

"ఇంక నువ్వే తిరుగుతన్నావు కదరా... నాతో పనిలేదు."

మర్నాటి నుంచి షెడ్డు వైపు వెళ్ళలేదు. వారం చూసి, ఉండబట్టలేక అడిగాను... "సిన్నాన్న ఇంజన్ సూడవా నాన్నమ్మా?"

నా మొహంలోకి తేరిపార చూసింది.

"ఏ సిన్నాన్న?"

పోయేదాకా ఆ పేరు మళ్ళీ ఎత్తలేదు...

ఇప్పుడు మా వీధిలోకి కరెంటు కార్లు వస్తున్నాయి. పక్కకొచ్చి ఆగినా తెలియదు. బోనెట్ ఎత్తితే నల్ల ప్లాస్టిక్ మూత... అరచెయ్యి ఆనించినా ఏ అదురూ తగలదు. మీ ఇళ్ళలోనూ పోయినవాళ్ళు చెప్పిన పనిని ఏళ్ళకేళ్ళు చేస్తూ వచ్చినవాళ్ళున్నారా? వాళ్ళు ఏ రోజున మానేశారో గుర్తుంటే... నాకు చెప్పండి.