నీలి గళ్ల మూట

అందుకే చెబుతున్నాను, సాయంత్రం పూట మీ ఇంటి ఆడపిల్ల చేతిలో ఎవరివో మగవాళ్ల చొక్కాల మూట కనిపిస్తే వెంటనే కళ్లెర్రజేయకండి. ముందు మా అక్క సంగతి వినండి. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, మా ఆయన అన్నగారి భార్య, నా తోడికోడలు. వీధిలో అందరికీ ఇస్త్రీ అక్క.

అపార్ట్‌మెంటు మెట్ల కింద చిన్న గది మాది. ఒక పక్క అక్క బల్ల, ఇంకో పక్క నా కుట్టు మిషను. గుండీలు, జిప్పులు, ఊడిన అంచులు, ఏవి వస్తే అవి కుడతాను. అక్కకు బొగ్గుల పెట్టే కావాలి, కరెంటుది ముట్టుకోదు. ఆ బరువు లాగీ లాగీ కుడిచెయ్యి ఎడమచేతికంటే లావైంది. బావగారు ఎప్పుడైనా గొంతు పెంచితే ఆ చెయ్యి ఒకసారి బల్లమీద పెడుతుంది. ఆయన మూటలు సర్దుకోవడానికి లేచిపోతారు.

మూటలకు మేం చీటీలు కట్టం. ఎవరి బట్టలు వాళ్ల పాత దుప్పటిలో వస్తాయి, ఇస్త్రీ అయ్యాక అందులోనే తిరిగి వెళతాయి. దుప్పటిని చూస్తే ఇల్లు తెలిసిపోతుంది. పసుపు చారలది డాక్టరుగారిల్లు. చిరిగిన గులాబీలది వాచ్‌మన్‌ది. నీలి గళ్లది అసోసియేషన్ సెక్రటరీగారిది.

మా గది పక్కనే బస్టాపు నుంచి వచ్చే సందు. రెండు వైపులా గోడలు, మధ్యలో మాడిపోయిన లైట్లు. ఆసుపత్రిలో, దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లలు బస్సు దిగి ఆ సందులోంచే ఇళ్లకు రావాలి. ఒక సాయంత్రం నర్సమ్మాయి ఒకతె మా గుమ్మం దగ్గర ఆగిపోయింది. వెనక్కి వెనక్కి చూస్తోంది. సందు మొదట్లో ఒకడు బండిమీద కూర్చుని ఇటే చూస్తున్నాడు.

అక్క పెట్టె దించింది. చేతికందిన మూట తీసి ఆ పిల్ల చేతుల్లో పెట్టింది.

"ఇంత ఆలస్యమేమే? మీ నాన్న ఇప్పుడే వచ్చి తిట్టిపోయాడు. ఇదిగో, ఖాకీ చొక్కా అన్నింటికంటే పైన పెట్టాను, నలిపావంటే స్టేషన్ నుంచి తిన్నగా నామీదికొస్తాడు" అంది, సందు చివరిదాకా వినపడేలా.

బండివాడు బండి తిప్పేసుకున్నాడు. ఆ ఖాకీ చొక్కా మా వాచ్‌మన్‌ది. పాపం, ఆయన దొంగను చూస్తే ముందు తను దాక్కుంటాడు.

మర్నాడు పొద్దున ఆ పిల్ల మూట తెచ్చి ఇచ్చేసింది, మడత చెదరలేదు. ఆ తర్వాత ఒకరు చెప్పి ఒకరు వచ్చేవాళ్లు. ఎవరైనా వెంటపడుతున్నారనిపిస్తే మా గుమ్మం ఎక్కి "అక్కా, మా బట్టలు" అనేవాళ్లు. అక్క ఏ మూట చేతికొస్తే ఆ మూట ఇచ్చి పంపేది. అలా వెళ్లిందే ఒకనాడు నీలి గళ్ల మూట. వెనకవీధిలో షికారు చేస్తున్న సెక్రటరీగారికి తన దుప్పటి ఎవరో తెలియని పిల్ల చంకలో కనిపించింది. ఆయనకు గుండె ఆగినంత పనైంది. ఆ పిల్లను ఆపి అడిగితే పోయేది కదా. అడగలేదు. ఇస్త్రీ గదిలోంచి దొంగల ముఠా నడుస్తోందని ఇంటింటికీ చెప్పుకొచ్చాడు.

ఆ వారమే ఎస్సైగారు మీటింగు పెట్టారు. కాలనీలో మీకు దేనివల్ల భయంగా ఉందో చెప్పండి, ముందు దేనిమీద పని చేయాలో చూసుకుంటాం అన్నారు. మంచి మాటే. కార్ల అద్దాలు పోతున్నాయని ఒకరు, తోపుడుబళ్లు ఎక్కువయ్యాయని ఒకరు చెప్పారు. సెక్రటరీగారు లేచి మెట్ల కింద గది సంగతి ఎత్తారు. సందు మాట ఎవరి నోటా రాలేదు. ఆ కుర్చీల్లో కూర్చున్న వాళ్లెవరూ బస్సు దిగి రారు.

"ఏమ్మా, ఒకరి బట్టలు ఇంకొకరికి ఎందుకిస్తున్నావు?" అని అడిగారు ఎస్సైగారు. గట్టిగా కాదు, మామూలుగానే.

అక్క ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఆ సందు గురించి మాకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదే. రికార్డులో ఏమీ లేదు."

"ఎలా ఉంటుంది సార్? జరగనివ్వలేదు కదా."

వెనక ఎవరో నవ్వారు. ఎస్సైగారు కూడా కొంచెం నవ్వి, "సరే, ఆ అమ్మాయిలు ఎవరెవరో చెప్పు. వాళ్లతో మాట్లాడతాం" అన్నారు.

"చెప్పను సార్."

"అదేంటమ్మా? పేర్లు లేకపోతే నేనెలా నమ్మేది?"

"నమ్మకపోయినా ఫర్వాలేదు. మీరు వాళ్లింటికి జీపు వేసుకుని వెళతారు. రేపటినుంచి వాళ్ల నాన్నలు ఉద్యోగం మానిపించేస్తారు. వెంటపడ్డవాడు హాయిగా తిరుగుతాడు, పిల్ల ఇంట్లో కూర్చుంటుంది. నేను చెప్పను."

"చూశారా సార్, ఎంత పొగరో" అన్నారు సెక్రటరీగారు. "నా చొక్కాలు ఇచ్చేయడానికి నీకెవరిచ్చారు అధికారం?"

"మీ చొక్కాలు ఇప్పటిదాకా ఒక్క గుండీ కూడా ఊడకుండా వచ్చాయి బాబుగారూ. ఊడినవేమన్నా ఉంటే మా చెల్లెలు కుట్టి పంపింది. మీ దుప్పటి ఒక పిల్లను ఇంటికి చేర్చిందని సంతోషపడాలిగానీ."

ఎస్సైగారి మాటలో న్యాయం లేకపోలేదు. పరాయి సొత్తు పోతే కేసవుతుంది, పెట్టేది తనే అన్నారు. చివరికి తేల్చిందేమంటే, ఇకమీదట ఎవరి మూట వాళ్లకే ఇస్తానని అక్క స్టేషన్‌కి వచ్చి సంతకం పెట్టాలి. పెడితే గది ఉంటుంది. లేకపోతే సోమవారం తాళం వేస్తామన్నారు సెక్రటరీగారు.

ఇంటికొచ్చాక మేమందరం అక్కమీద పడ్డాం. నేనే ముందు అన్నాను.

"సంతకమే కదక్కా, పెట్టేద్దాం. గది పోతే ఎక్కడికి పోతాం? తర్వాత నీ పని నువ్వు చేసుకో, ఎవరు చూడొచ్చారు?"

"సంతకం పెట్టి మాట తప్పమంటావా? అబద్ధం నోటితో ఆడతాను, బోలెడు ఆడాను. సంతకంతో ఆడను."

"పోనీ నిజంగానే మానెయ్యి" అన్నారు బావగారు.

"ఏమండీ, రేపు ఆ పిల్ల వచ్చి బట్టలడిగితే మీరు చెప్పండి, సంతకం పెట్టేశాం, పోవే అని. మీరు చెప్పగలిగితే నేను మానేస్తాను."

ఆయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్లి కాసేపటికి తిరిగొచ్చారు. మానెయ్యమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

అయినా మా బాధ చూడలేక అక్క సంతకానికి బయలుదేరింది. నన్నూ రమ్మంది. స్టేషన్ బస్టాపు అవతల, సందులోంచే వెళ్లాలి. అప్పుడే మసక పడుతోంది. సగం దూరం వెళ్లామో లేదో ఎదురుగా ఒక పిల్ల గబగబా నడిచొస్తోంది. వెనకాల ఇద్దరు, నవ్వుకుంటూ. మా చేతుల్లో మూట లేదు. అక్క ఆగి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఎంతసేపే నీకోసం చూడటం, పద. చెల్లీ, నువ్వు వెనక నడువు" అని వచ్చిన దారినే తిరిగింది.

ఆ ఇద్దరిలో ఒకడు "మీరెక్కడికి బయల్దేరారు ఆంటీ?" అన్నాడు వెటకారంగా.

"స్టేషన్‌కి. నువ్వూ వస్తావా నాయనా? తోడుంటావు."

వాళ్లు ఆగిపోయారు. మేం పిల్లను ఇల్లు చేర్చి, గుమ్మంలో వాళ్లమ్మ ఇచ్చిన నీళ్లు తాగి వచ్చేశాం. స్టేషన్‌కి వెళ్లలేదు.

సోమవారం గదికి తాళం పడింది. బల్లను, నా మిషనును సందు మొదట్లో గోడ వారగా వేసుకున్నాం, పైన పరదా పట్టా కట్టాం. నిజం చెప్పొద్దూ, వానొస్తే నరకం. సందులో లైట్లు ఇంకా వెయ్యలేదు. కానీ ఇప్పుడు బల్లమీదినుంచి అటు చివరిదాకా కనిపిస్తుంది. సెక్రటరీగారు బట్టలు వేరేచోట వేస్తామన్నారని విన్నాం. రెండు రోజులకే ఆయన భార్య స్వయంగా నీలి గళ్ల మూట మోసుకొచ్చి బల్లమీద పెట్టింది.

"తొందరేం లేదు. ఎవరిచేత పంపినా ఫర్వాలేదు, నన్నడగకు" అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

స్టేషన్ నుంచి రెండుసార్లు కబురొచ్చింది, సంతకం సంగతి ఏమైందని. బావగారు రోజూ పొద్దున ఒకసారి గుర్తుచేస్తారు.

"బొగ్గులు ఇప్పుడే రాజుకున్నాయండీ. ఆరాక వెళ్లొస్తాను" అంటుంది అక్క.