మిల్లు గోడ చుట్టూ ఏడు రోజులు

నిన్న చిలకలూరిపేటలో మా చర్చి సంఘపు టీచరుగారి కొత్తింటి ప్రార్థనకు వెళ్ళాను. ఒకప్పుడు జిన్నింగ్ మిల్లు ఉన్న నేలలో కట్టిన కాలనీ అది. కప్పుల మీద సోలారు పలకలు, వాననీటికి ఇంకుడు గుంతలు, వాడిన నీళ్ళతోనే పెరిగే కూరగాయల మడులు. కూల్చిన మిల్లు ఇటుకలు పన్నెండేళ్ళు తుమ్మచెట్ల కింద పడి ఉంటే, వాటితోనే అరుగులు కట్టామని ఆవిడ సంబరంగా చూపించారు. నేను ఒక ఇటుక మీద పెట్టిన చెయ్యి తీయలేకపోయాను.

ఆ మిల్లులో మా మేనత్త పత్తిలో చెత్త ఏరేది. సాయంత్రం తలనిండా దూదితో ముసలమ్మలా వచ్చేది. ఆదివారం మాత్రం నల్లని జడకు కొబ్బరినూనె రాసుకుని చర్చిలో ముందు చాప మీద కూర్చునేది. మిల్లు మూతపడ్డాక ఆమెకు బైబిల్లోని యెరికో కథ పట్టుకుంది, ఏడు రోజులు చుట్టూ తిరిగి బూరలూదితే కోటగోడ కూలిన కథ. మిల్లు తెరుచుకోవాలని, తోటి ఆడవాళ్ళను పోగేసి ఆరు రోజులు రోజుకొక్కసారి, ఏడో రోజు ఏడుసార్లు గోడ చుట్టూ తిరిగింది. బూరలు లేవు కనుక, సండేస్కూలు చెప్పే నేను బడిగంట వాయించాను. లోపలి కుక్కలు మాత్రం శ్రద్ధగా బదులిచ్చాయి. ఆఖరి చుట్టుకు వాచ్‌మన్ సాయిబుగారు అందరికీ మంచినీళ్ళిచ్చి, "తాళంచెవి నా దగ్గరే ఉందమ్మా. తీస్తాను గానీ, లోపల మిషన్లే లేవుగా" అన్నాడు.

నెల తిరక్కుండా బుల్‌డోజరు వచ్చి గోడ కూల్చింది. ఆ సాయంత్రం అత్త చూసొచ్చి, మంచం పట్టె మీద కూర్చుంది.

"గోడ పడే వాక్యం పట్టుకుని తలుపు తెరవమని అడిగానే. ఆయన మాట ఆయన నిలబెట్టుకున్నాడు. ఇంతమంది కూడు నేనే పడగొట్టాను."

కాదని చెప్పాల్సింది నేనే. కానీ ఆ క్షణాన నాకూ అదే నిజమనిపించి, నోరు మెదపలేదు. తర్వాత అత్త మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళింది. చర్చిలో వెనక చాపకు మారింది. గొంతెత్తి ప్రార్థన చేయడం మానేసింది. మిల్లు దూది అంటించిన దగ్గుతోనే రెండేళ్ళకు పోయింది.

నిన్న ప్రార్థన చేయమంటే ఆ ఇంటిని మనసారా దీవించాను. మంచి ఇల్లు. వచ్చేటప్పుడు అరుగు దగ్గర ఆగి, "నీ వల్ల కాదత్తా" అన్నాను. ప్రభువుకు వెయ్యేళ్ళు ఒక్క దినంతో సమానమట. ఆ మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. అత్తకు అది కావలసింది ఆ ఒక్క సాయంత్రమే.