బ్యాంకాక్‌లో పంకజాక్షక్క తళిగ

పంకజాక్షక్క గురించి ఎవరైనా "పాపం, ఆడమనిషి కదా" అని మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. పాపమేమిటి? పూతలపట్టు కూడలిలో పైపులు, బోరు మోటార్లు అమ్మే అంగడి ఆమెది. నేను కాణిపాకంలో అదే వ్యాపారం చేస్తాను. నా అంగడి దాటుకుని మరీ రైతులు ఆమె దగ్గరికి పోతారు. "వెయ్యి అడుగుల బోరక్కా" అనగానే, నేల ఎట్లాంటిది, నీళ్లు ఎంత లోతులో పడ్డాయి, కరెంటు ఎన్ని గంటలొస్తుంది అని మూడే ప్రశ్నలు అడిగి, ఏ మోటారు కావాలో చెప్పేస్తుంది. ఆమె చెప్పిన మోటారు మార్చుకోవడానికి తిరిగొచ్చినవాణ్ణి నేను చూడలేదు. ఆమె భర్త బోర్లలోకి మోటార్లు దించే పని చేస్తాడు. "దించేది నేనే గానీ, ఏది దించాల్నో చెప్పేది ఆమె" అని నలుగురిలో చెప్పుకుంటాడు. ఏమీ సిగ్గుపడడు.

ఆ ఏడు పైపుల కంపెనీవాళ్లు టార్గెట్ కొట్టిన నలభై మంది డీలర్లను బ్యాంకాక్ తీసుకుపోతామన్నారు. నలభై మందిలో ఆడమనిషి అక్క ఒక్కతే. ఏరియా మేనేజర్ బాలచంద్ర సారు పనిగట్టుకుని ఆమె అంగడికి వెళ్లి, "మేడం, అక్కడ తిండి మీకు పడదు, ఇబ్బంది పడతారు. టికెట్ బదులు మంచి ఫ్రిజ్ ఇప్పిస్తాను" అన్నాడట.

"ఫ్రిజ్జు ఇంట్లో ఉండాది సార్. టార్గెట్ కొట్టినాను, ఇమానం ఎక్కుతాను. నా తిండి నేను సూసుకుంటా, మీరేం దిగులు పెట్టుకోబాకండి" అని టీ తాగించి పంపించేసింది.

ఈ మాట రెండు రోజుల్లో డీలర్లందరికీ పాకింది. అక్కడ ఆమె ఒక్క పూట పస్తుంటే చాలు, "నేను ముందే చెప్పలేదా" అనడానికి ఆయన నోరు తెరుచుకుని ఉన్నాడని అందరికీ తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు.

ఇక మేము చేసిన బుద్ధితక్కువ పని చెబుతాను. టికెట్ మీద అక్టోబరు అని చూశాం గానీ, అది తమిళ లెక్కన పెరటాసి నెల అని మాలో ఒక్కడికీ తట్టలేదు. మా చిత్తూరు వైపు పెరటాసి అంటే ఆషామాషీ కాదు. ఆ నెలంతా నీచు ముట్టం. శనివారాలు వెంకటేశ్వరస్వామికి తళిగ వేస్తాం. అంటే, ఒక్కపొద్దుండి, ఆకులో అన్నమూ కూరలూ రాశిగా వడ్డించి, గోవింద కొట్టి, ఆ తర్వాతే నోట్లో ముద్ద పెడతాం. ఆ వంటలో ఉల్లి, వెల్లుల్లి కూడా పడవు. సరిగ్గా మూడో శనివారం మేము బ్యాంకాక్‌లో ఉంటాం!

ఒక్క పంకజాక్షక్క మాత్రం ముందే చూసుకుంది. పెళ్లయిన కొత్తలో అత్త సంతోషమ్మ చేనులో బోరు వేస్తుంటే, నీళ్లు పడితే ఏటా తళిగ వేస్తానని అక్క మొక్కుకుంది. పడ్డాయి. అప్పటినుంచి ఇరవై ఏడేళ్లు, ఒక్క పెరటాసి శనివారం కూడా తప్పలేదు. పైగా అత్త పెట్టిన నియమం ఒకటుంది. తొలి ఆకు ఇంట్లోవాళ్లకు కాదు. గోవిందా అంటూ వచ్చిన పరాయి మనిషి తినాలి, అప్పుడే ఇంటి ఇల్లాలు తినాలి. అందుకని అక్క కరెంటు కుక్కరు, సోనా బియ్యం మూటగట్టి తెచ్చింది. హోటల్‌వాళ్లు గదిలో వంట కుదరదని కుక్కరు తీసుకుని కింద దాచేశారు.

శనివారం పొద్దున నలభై మందిలో మా వైపువాళ్లం పన్నెండుమందిమి తలస్నానం చేసి, నామాలు పెట్టుకుని హోటల్ కింద నిలబడ్డాం. బాలచంద్ర సారు టిఫిను ముగించి మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఎందుకండీ ఇంత పట్టింపు? ముక్కలు పక్కకు తీసి తినేయండి. దేవుడు చూస్తాడా ఇక్కడ?" అన్నాడు.

"దేవుడు సూసినా సూడకపోయినా నేను సూస్తా గదా సార్" అంది అక్క.

ఆయన నవ్వి, మధ్యాహ్నం మూడింటికి బస్సు బయలుదేరుతుందని చెప్పి, మిగతావాళ్లతో షాపింగుకు పోయాడు. మాతో వచ్చిన గైడు ఇంకో బాంబు పేల్చాడు. ఆ ఊళ్లో కూరగాయల వేపుడులో కూడా చేపలు ఊరబెట్టిన రసం పోస్తారట. సూళ్లూరుపేట డీలరు కుప్పయ్యన్న, మాలో అందరికంటే పెద్దాయన, అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు.

"పండ్లు తిని పడుకుందాం అమ్మా. ఆ సామికి తెలీదా మన కష్టం?"

"పండ్లు తింటే అది ఒక్కపొద్దు, తళిగ గాదు. తళిగంటే అన్నం ఉండాల. లెయ్యి పెద్దాయనా, పోదాం" అని ముందు నడిచింది.

మొదట మన దేశంవాళ్ల హోటలొకటి కనిపించింది. శాకాహారం వేరే వండుతామని బయట బోర్డు. మాకు ప్రాణం లేచొచ్చింది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను కూడా. అక్క కూర్చోలేదు. మెనూ కార్డు ఇవ్వబోయినవాణ్ణి తప్పించుకుని నేరుగా వంటగదిలోకి పోయింది. అర నిమిషంలో తిరిగొచ్చింది.

"లెయ్ మునీ. కోడికూరలో పెట్టిన గంటె పప్పులో పెడతా ఉండాడు."

"యాడోచోట కళ్లు మూసుకోవాలక్కా!" అన్నాను. అబద్ధమెందుకు, నాకు ఆకలి, ఆకలికి మించి కోపం. టార్గెట్ కొట్టి విదేశానికొచ్చి ఎండలో గంటెలు వెతుక్కుంటూ తిరగడమా?

"కళ్లు మూసుకుని మోటారు అమ్ముతావా నువ్వు? నోట్లోకి పొయ్యేదానికి మూసుకుంటావా?" అని కసిరింది. నేను కుర్చీ వెనక్కి తోసి లేచాను.

పన్నెండు దాటింది. ఇంకో రెండుచోట్ల ఇదే కథ. ఒకచోట గుడ్డు, ఇంకోచోట ఆ చేపల రసం. కుప్పయ్యన్న నడుస్తూనే గొణుగుతున్నాడు. మాలో ఇద్దరు వెనక్కి జారుకుందామా అని సైగలు చేసుకుంటున్నారు. అక్క మొహంలో మొదటిసారి భయం చూశాను. ఇరవై ఏడేళ్లది ఇక్కడ తెగిపోతుందేమోనని. నన్ను చూసి వెంటనే మొహం తిప్పుకుంది.

అప్పుడు ఎదుటి వీధిలోంచి నలుగురు ఆడవాళ్లు వచ్చారు. తెల్లచీరలు కాదు, తెల్ల చొక్కాలు, తెల్ల ప్యాంట్లు. చేతుల్లో స్టీలు క్యారియర్లు. అక్క టక్కున ఆగిపోయింది.

"వాళ్ల నడక సూడు మునీ."

"నడకేంది అక్కా?"

"ఒక్కపొద్దున్నోళ్ల నడక. క్యారియరు ఎట్ల పట్టుకున్నారో సూడు, బట్టకు తగలకుండా. పదండి, వాళ్ల ఎనకే పోదాం."

భాష తెలియని ఊళ్లో, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ల వెనక, నామాలు పెట్టుకున్న పన్నెండుమందిమి వరసగా నడిచాం. పోలీసులు పట్టుకోనందుకు ఇప్పటికీ ఆశ్చర్యమే. రెండు సందులు తిరిగేసరికి చీనావాళ్ల అంగళ్ల వీధి వచ్చింది. వీధి పొడవునా చిన్న చిన్న పసుపు జెండాలు, వాటి మీద ఎర్ర అక్షరాలు. గైడు నుదురు కొట్టుకున్నాడు. అక్కడి చీనావాళ్లకు ఆ తొమ్మిది రోజులూ వ్రతమట, పసుపు జెండా ఉన్నచోట మాంసం వండరట. వాడికి తెలిసిన సంగతే, కానీ మాకు పనికొస్తుందని తట్టలేదట. వాణ్ణి ఏమనాలి చెప్పండి!

కుప్పయ్యన్న మొదటి జెండా కిందే బెంచీ మీద కూర్చున్నాడు. అక్క మళ్లీ కూర్చోలేదు.

"జెండా ఎవురైనా కట్టొచ్చు పెద్దాయనా" అని, పక్కనే దినుసులు అమ్మేవాడి గంపలోంచి ఒక వెల్లుల్లి గడ్డ తీసుకుంది. ఆ జెండా కట్టిన అంగట్లో డెబ్బై ఏళ్ల ముసలమ్మ, తెల్లబట్టల్లో, పెద్ద మూకుడులో ఆకుకూర తిప్పుతోంది. అక్క నేరుగా వెళ్లి ఆ వెల్లుల్లిని మూకుడు మీదికి, ఇదిగో వేస్తున్నాను అన్నట్టు చాచింది.

ముసలమ్మ ఒక్క అరుపు అరిచింది! గరిటె ఎత్తి, కళ్లెర్రజేసి, అక్క చేతిని అవతలికి నెట్టి, ఆపకుండా తిట్టింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అవి తిట్లని తెలుస్తూనే ఉంది. మేం బిక్కచచ్చిపోయాం. అక్క మాత్రం ఇంత మొహం చేసుకుని మా వైపు తిరిగింది.

"తిట్టిందప్పా! తెల్లగడ్డ సూసి తిట్టింది! ఈడే తిందాం!"

వెల్లుల్లి తిరిగిచ్చి, సీసాలో నీళ్లతో చేతులు కడుక్కుని వచ్చి, ముసలమ్మకు రెండు చేతులూ ఎత్తి మొక్కింది. నుదుటి నామం చూపించింది, మా మొహాలు చూపించింది, కడుపు మీద చెయ్యి పెట్టి అడ్డంగా ఊపింది. ముసలమ్మ ఒక్క క్షణం చూసి, గరిటె దించి, గొల్లున నవ్వింది. ఇద్దరికీ ఇక గైడు అక్కర్లేకపోయింది.

అరిటాకు దొరికింది. పొగలు కక్కే అన్నం, ఆకుకూర, పుట్టగొడుగులు, సోయా ముక్కలు. అక్క కర్పూరం తెచ్చుకుంది. అరుగు కడిగి, నామం దిద్ది, ఆకు వేసి వడ్డించింది. ముసలమ్మ అడగకుండానే తన అగరొత్తులు తెచ్చి వెలిగించి పక్కన నిలబడింది. మేం గోవింద కొడితే వీధి వీధంతా తిరిగి చూసింది. చెప్పడానికి నాకేం మొహమాటం లేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

అయినా అక్క తినలేదు. మమ్మల్నీ తిననివ్వలేదు. గోవిందా అని వచ్చే పరాయి మనిషి కావాలి. బ్యాంకాక్‌లో ఎవడొస్తాడు? రెండున్నర అయింది. అన్నం చల్లారుతోంది.

వచ్చాడు. చెమటలు కక్కుతూ, ఫోను ఊపుకుంటూ, బాలచంద్ర సారు. గైడుకు ఫోన్ చేసి దారి కనుక్కుని వచ్చాడట. "బస్సు టైమవుతుంటే ఈ వీధిలో ఏం చేస్తున్నారండీ?" అని మొదలుపెట్టి, ఆకు చూసి, అగరొత్తులు చూసి, ఆగిపోయాడు.

"తిన్నారా సార్?" అంది అక్క.

"మాల్‌లో ఏవో తెప్పించారు, నాకు సహించలేదు."

"గోవిందా అనండి సార్. పెడతా."

ఆయన నవ్వబోయాడు. మా పన్నెండుమందిలో ఒక్కరూ నవ్వలేదు. చెప్పులు విడిచి, మెల్లగా గోవిందా అన్నాడు.

"మా అత్తకు చెవుడు సార్. పూతలపట్టుకు ఇనపడాల."

"గోవిందా!" అని గట్టిగా అరిచాడు బాలచంద్ర సారు. తొలి ఆకు ఆయనకు వేసింది. ఆయన వంచిన తల ఎత్తకుండా తిని, ఇంకొంచెం అన్నం అడిగాడు. ఆ తర్వాత మేం కూర్చున్నాం. అందరికంటే చివర అక్క కూర్చుని ముద్ద కలిపింది. తనూ అప్పటిదాకా తినలేదేమో, ముసలమ్మ గిన్నె తెచ్చుకుని అక్క ఎదురుగా కూర్చుంది. బస్సు మా కోసం ఆగింది.

మరునాడు పొద్దున తొమ్మిదికి అక్క, నేను హోటల్ లిఫ్టు దిగాం. మా వైపు పన్నెండుమందే ఉంటారనుకున్నాం. కింద డీలర్లందరూ నిలబడి ఉన్నారు. పెరటాసి అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా. బాలచంద్ర సారు అందరికంటే ముందున్నాడు.

"అమ్మా, ఈ పూట ఎక్కడ తిందాం?" అన్నాడు.

పంకజాక్షక్క కొంగు బొడ్లో దోపుకుని, చేతిసంచి భుజానికి వేసుకుని, "నడవండి, సూద్దాం" అంది.