తాత చెక్కిన పిడి

గ్రాండ్ నది ఒడ్డున చేతికర్రలు చెక్కే మోహాక్ తెగ ముసలాయన ఆంబ్రోస్ గార్లో ఎవరినీ ఓ పట్టాన నమ్మడు. ఎవరొచ్చినా వంకర చిటికెనవేలితో గడ్డం గోక్కుంటూ, "మీ అమ్మది ఏ వంశం?" అని ఆరా తీస్తాడు. వాళ్ళ తెగలో ఒక్కో వంశానికీ ఒక్కో జంతువు గుర్తు, వంశం తల్లి నుంచే వస్తుంది. అందుకే పిడి మీద చెక్కే జంతువు తల్లి వంశానిదే కావాలి. "మా నాన్నది తోడేలు వంశం" అన్నవాడికి గుమ్మం చూపిస్తాడు. మొన్నామధ్య కొడుకు కూతురు లెటా దెబ్బతిన్న కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. ఆమె తల్లి బయటి మనిషి, ఏ వంశమూ లేదు.

"నీ ఎలుగుబంటినే చెక్కు తాతా!"

"నాది నీదెలా అవుతుందే? ఎవరు ఎక్కించారు నీకిది?"

లెటా మొహం ముడుచుకుని వెళ్ళిపోయింది. తర్వాతి వారం, ఇంకా అనుమానంగానే చూస్తూ, కర్ర తెచ్చి ఆమెకిచ్చాడు. పిడి మీద ఏ జంతువూ లేదు. వంకర చిటికెనవేలితో సహా తన చెయ్యే చెక్కాడు.