కంచె అవతలి మూల

ఊరి శివారు ఫ్లాట్ బుష్‌లో మేం కొన్న ఇంటి వెనక తాతల కాలంనాటి చెక్క చర్చి, దాన్ని చుట్టుకుని సమాధులు ఉన్నాయి. ఇల్లు చూపించిన ఏజెంటు చాలా ప్రశాంతమైన చోటని రెండుసార్లు అన్నాడు. అప్పుడే అనుమానించాల్సింది.

నా కాన్పు కోసం కాకినాడ నుంచి వచ్చిన అమ్మ, మొదటిరోజే వంటింటి కిటికీలోంచి చూసింది.

"అల్లుడుగారు చూసే కొన్నారా? కడుపుతో ఉన్న పిల్లని శ్మశానం పక్కన పెట్టారా?"

ఇక ఆ కిటికీ దగ్గర అమ్మ కాపలా మొదలైంది. ప్రతి ఆదివారం ఇక్కడి మూలవాసుల్లో ఒకావిడ, మావోరీ పెద్దావిడ, వచ్చేది. రాళ్లున్న సమాధుల వైపు వెళ్లేది కాదు. సరిగ్గా మా కంచెను ఆనుకుని, ఏ రాయీ లేని గడ్డిలో కూర్చుని ఏదో గొణిగేది. వెళ్లేటప్పుడు గేటు దగ్గర సీసాలో నీళ్లు చేతుల మీద పోసుకుని, నెత్తిన చల్లుకునేది.

"మంత్రించిన నీళ్లే అవి. నువ్వు పెరట్లోకెళ్లకు," అంది అమ్మ.

నవ్వేశాను గానీ పెరట్లో బట్టలు ఆరేయడం మానేశాను. పగలంతా కోడ్ రాసే మనిషిని, సాయంత్రమైతే కంచె సందుల్లోంచి నిమ్మకాయల కోసం వెతికేదాన్ని. శ్మశానం నుంచి వచ్చినవాళ్లను కాళ్లు కడుక్కోనిదే గడప తొక్కనివ్వని ఇంట్లో పుట్టి కూడా, ఆ నీళ్లు ఎందుకో నాకు తట్టలేదు.

నెలలు నిండుతుండగా అమ్మ తెగేసి చెప్పింది, ఇల్లు మారకపోతే వెళ్లిపోతానని. నాకు భయం వేసింది. అమ్మ లేకుండా బిడ్డను కనే ధైర్యం నాకు లేదు.

చర్చికి తాళం తీసే ఆవిడను వెళ్లి అడిగాను. ఓడల్లో వచ్చి చర్చి కట్టిన రైతులు, దానికోసం వాళ్లు కోయించిన కౌరీ చెట్ల చెక్క, అన్నీ హుషారుగా చెప్పింది. ఆ మూల సంగతి ఎత్తగానే మాట మార్చింది. వదల్లేదు నేను. పుట్టగానే పోయిన పసివాళ్లను ఒకప్పుడు తల్లికి చూపించకుండా, చెప్పకుండా అక్కడ పెట్టేవాళ్లట. తన బిడ్డ అక్కడుందని పెద్దావిడకు తెలిసింది ఈమధ్యేనట. సమాధుల దగ్గర నుంచి వెళ్తూ చేతులు కడుక్కోవడం మావోరీల ఆచారమట.

అమ్మకు ఉన్నదంతా చెప్పేశాను. ఇక పెట్టె సర్దేస్తుందనుకున్నాను. అమ్మ కిటికీ దగ్గరికెళ్లి ఆ మూలకేసి చూసింది.

"ఆవిడ ఎవర్నడిగితే చెప్పారంట?"

"ఏంటమ్మా?"

"నీకు ముందు నాకో పిల్లాడు పుట్టి పోయాడు. మీ తాతయ్య పొత్తిగుడ్డల్లో చుట్టి తీసుకెళ్లిపోయారు. ఎక్కడ పెట్టారని అడిగితే కసిరారు. ఆదివారం ఆవిడొస్తే నన్ను తీసుకెళ్లు. నాకు ఇంగ్లీషు రాదు, నువ్వడుగు."